ఎడమ చేతి మడత

ఆకాశరామన్న ఉత్తరం అనగానే అందరికీ ఒక మగమనిషే గుర్తొస్తాడు. పనీపాటా లేని గుమాస్తా ఎవడో, పక్కింటివాడి మీద కడుపుమంటతో నాలుగు ముక్కలు గీకి, కింద పేరు పెట్టకుండా డబ్బాలో పడేసి ఏమీ ఎరగనట్టు తిరుగుతాడని అనుకుంటారు. ఆకాశరామన్నకు బొట్టూ గాజులూ ఉండొచ్చని, ఒళ్లో బీడీల చాట ఉండొచ్చని ఎవరికీ తట్టదు. పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో అదే నాకు కలిసొచ్చింది. మూడు వారాల పాటు కలిసొచ్చిందనే అనుకున్నాను.

నా పేరు గంగమణి. ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా చెబుతున్నాను గానీ, అప్పటికి ఆర్మూర్‌లో ఈ పేరు తెలిసినవాళ్లు నలుగురికి మించి లేరు. మా పుట్టిల్లు ఏర్గట్ల. పెళ్లై వచ్చిన రోజు నుంచీ వాడకట్టు మొత్తానికి నేను ఏర్గట్లామెను. కూతురు పుట్టాక శ్యామల తల్లిని. బీడీ కార్ఖానాలో అయితే నర్సవ్వను.

నర్సవ్వ మా అత్త.

పసుపు మార్కెట్ వెనక రేకుల షెడ్డులో ఉండేది మా జోడు లాంతర్ల బీడీ కంపెనీ. ఎప్పుడో మొదట్లో చేరిన ఆడవాళ్లకు కంపెనీ కార్డులు రాసిచ్చింది. కార్డు ఉంటే పీఎఫ్ ఉంటుంది, బీడీ కార్మికుల దవాఖానలో మందులుంటాయి, ముసలితనంలో ఏదో ఒక ఆసరా ఉంటుంది. తర్వాత చేరినవాళ్లకు కార్డులు రాయడం మానేశారు. పని మాత్రం మానలేదు. ఒక్కో పాత కార్డు మీద ఇద్దరూ ముగ్గురూ బీడీలు చేసేవాళ్లం. అత్త చేతులు ఆడకపోతే కోడలు వచ్చి ఆ పేరు మీదే కూర్చునేది. పొద్దున తునికాకు, తంబాకు పంచేటప్పుడు "నర్సవ్వా" అని పిలిస్తే నేను లేవాలి. పన్నెండేళ్లు లేచాను. మా అత్తకు పక్షవాతం వచ్చి మంచాన పడి అప్పటికి నాలుగేళ్లు. రిజిస్టర్లో మాత్రం ఆమె రోజుకు వెయ్యి బీడీలు చేస్తూనే ఉంది. ఈ సంగతి చెబితే మా అత్త మూతి ఒకపక్కకు లాక్కుపోతున్నా నవ్వేది.

మా ఆయన మస్కట్‌లో ఉండేవాడు. తన పాస్‌పోర్టు కుదరక కాశీరాం అని ఎవరిదో పాస్‌పోర్టు మీద పోయాడు. ఉత్తరం రాస్తే కవరు మీద కాశీరాం అని రాయాలి. రాసినప్పుడల్లా పరాయి మగవాడికి రాస్తున్నట్టు ఒళ్లు జంకేది. మొగుడిదీ పెళ్లానిదీ ఇద్దరివీ అరువు పేర్లే, బతుకు మాత్రం సొంతం.

దీనికి నేను అలవాటుపడ్డాను. నిజం చెప్పాలంటే ఒక రకంగా హాయిగానే ఉండేది. తప్పు జరిగితే నర్సవ్వది, బీడీలు బాగాలేకపోతే తిట్లు నర్సవ్వకు. భాగ్యవ్వ పోయేదాకా అలాగే గడిపేశాను.

భాగ్యవ్వ నా పక్క చాట. నాకంటే పదేళ్లు పెద్దది. చచ్చిపోయిన తోటికోడలి కార్డు మీద పద్దెనిమిదేళ్లు బీడీలు చేసింది. దగ్గు ఎన్నాళ్ల నుంచో ఉంది, తంబాకు దగ్గర కూర్చున్నవాళ్లకు దగ్గు రాకుంటేనే వింత. ఒకరోజు కొంగులో నెత్తురు చూశాను. రెక్క పట్టుకుని బీడీ దవాఖానకు తీసుకుపోయాను. కంపౌండర్ కార్డు అటూ ఇటూ తిప్పాడు.

"గీ కార్డుల ఉన్నామెకు డెబ్బై ఏండ్లు. నీకు యాభై గూడ లేవు. నువ్వు బీడీలు జేస్తవని కాయితమేది?"

భాగ్యవ్వ రెండు చేతులూ చాపింది. వేళ్ల కొసలు తంబాకుతో నల్లబడి ఉన్నాయి, బీడీ మూతి ముడిచీ ముడిచీ కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంది.

"చేతులు జూసి మందులియ్యరు అవ్వా, కాయితం జూసి ఇస్తరు" అన్నాడతను. చెడ్డవాడేం కాదు, మొహం దించుకునే అన్నాడు.

కొత్త పంట పసుపు మార్కెట్‌కు రావడం మొదలైన వారంలో భాగ్యవ్వ పోయింది. మర్నాడు పొద్దున షెడ్డులో ఆ కార్డు పేరు పిలిచారు. ఆమె మరదలి కూతురు లేచి ఆకు తీసుకుంది. పద్దెనిమిదేళ్లు ఆ షెడ్డులో ఆకు కత్తిరించిన మనిషి పోతే, పోయిందని కొట్టేయడానికైనా ఆమె పేరు ఎక్కడా లేదు. నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఈరోజుకీ పూర్తిగా పోలేదు, పోవాలని నేను కోరుకోనూ లేదు.

ఏర్గట్ల బళ్లో ఏడో తరగతి దాకా చదివాను. బీడీ కట్ట మీది లేబుల్‌పై కంపెనీ సేటు ఉండే ఊరు, వీధి అచ్చువేసి ఉంటాయి. కూతురి నోటుబుక్కులోంచి కాగితం చింపి సేటుకే రాశాను. మీ కార్ఖానాలో రిజిస్టర్లో పేర్లున్నవాళ్లు పని చెయ్యరు, పని చేసేవాళ్లకు పేర్లు లేవు, భాగ్యవ్వ అనే మనిషి ఇలా చచ్చిపోయింది, మా పేర్లు మాకు రాయండి అని రాశాను. కింద "ఇట్లు, రిజిస్టర్లో లేని ఆడవాళ్లు" అని పెట్టాను.

ఇక నా తెలివితేటలు వినండి. నాది ఎడమ చేతివాటం. రాత ఎవరూ గుర్తుపట్టకూడదని కుడిచేత్తో రాశాను. అక్షరాలు తాగినవాడి నడకలా వచ్చాయి. ఆర్మూర్ ముద్ర పడకూడదని అంకాపూర్‌లో చుట్టాలింట పెళ్లికి పోయినప్పుడు అక్కడి డబ్బాలో వేశాను. అన్నీ దాచానని మురిసిపోయాను.

మూడు వారాలకు సేటు దగ్గర్నుంచి మేనేజరు బాబురావుకు కవరు వచ్చింది. అందులో నా ఉత్తరమే ఉంది, దాంతోపాటు సేటు చీటీ కూడా. ఇది రాసిందెవరో పేరు రాసి పంపు, తీసేసినట్టు కూడా రాసి పంపు, వారం గడువు. మా పేర్ల సంగతి మీద ఒక్క మాట లేదు.

బాబురావు ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి నా ఉత్తరమూ సేటు చీటీ రెండూ గొంతెత్తి చదివాడు. చదివి నవ్వాడు.

"పేర్లు రాయుమని అడుగుతది. గాని తన పేరు రాసుకోనీకి మాత్రం దమ్ము లేదు!"

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వకపోతే దొరికిపోతాను కదా. ఆ మాట మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. బాబురావు నోట్లోంచి వచ్చిన నిజం అదొక్కటే, అదీ నా గురించే.

"రాసినామె లేచేదాక ఎవ్వలకూ ఆకు లేదు, తంబాకు లేదు. ఖాళీ చాటలు పట్టుకొని కూసోండ్రి" అన్నాడు.

మూడు రోజులు ఆకు బంద్. పేరు లేని ఉత్తరం ఏం చేస్తుందో ఆ మూడు రోజుల్లో చూశాను. రాసేటప్పుడు అది నాకు కప్పుకునే దుప్పటి. ఇప్పుడు అందరి మొహాల మీదా పడింది. లసుమవ్వ కొడుకు కాలేజీకి పోతాడు కాబట్టి వాడితో రాయించిందని భీమవ్వ అంది. భీమవ్వకు బాబురావుతో పాత తగాదా ఉంది కాబట్టి ఆమెదే పనని లసుమవ్వ అంది. నల్లా దగ్గర ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. పదేళ్లు ఒకరి చాటలోంచి ఒకరు ఆకు ఇచ్చిపుచ్చుకున్న మనుషులు. మూడో రోజున భీమవ్వ ఇంట్లో మక్కజొన్న నూకతో కాచిన గటుక తప్ప ఏమీ వండలేదని తెలిసింది. నా వల్ల ఆమె పిల్లలు అర్ధాకలితో ఉండటం నేను మంచినీళ్లు తాగుతూ చూశాను. సిగ్గేసింది. ఆ సిగ్గు దాచుకోను.

ఆ మధ్యాహ్నమే లక్ష్మీరాజం కాక మా ఇంటికి వచ్చాడు. ఆయన కంపెనీలో చెకర్. మేం చేసిన బీడీలు చూసి పనికొచ్చేవీ రానివీ వేరు చేసేది ఆయనే. ఇరవయ్యేళ్ల పని. కళ్లు మూసుకుని గుప్పెడు బీడీలు తీసి, వేలితో తడిమి, ఇవి ఫలానా ఆమెవి అని చెప్పగలడు. వచ్చి అరుగు మీద కూర్చుని, రాసిందెవరో తేల్చమని బాబురావు ఇచ్చిన నా ఉత్తరం జేబులోంచి తీశాడు. రాత చూస్తాడనుకున్నాను. ఆయన రాత వైపే చూడలేదు. కాగితాన్ని దాని పాత గీతల వెంట మెల్లగా మడిచాడు. మడతలు ఎక్కడివక్కడ కూర్చున్నాయి, చివర నాలుగు మూలలూ ఒకదాని కిందికి ఒకటి దూరి మూసుకున్నాయి. బీడీ మూతి ముడిచినట్టే. అదీ ఎడమవైపుకు.

ఎప్పుడు మడిచానో నాకే గుర్తులేదు. ఉప్పు పొట్లమైనా, పిల్ల జ్వరం గోలీల పొట్లమైనా నా చేతులు అలాగే మూస్తాయి. రోజుకు వెయ్యిసార్లు చేసే పని నన్ను అడిగి చెయ్యవు.

"రాత దాసినవ్. ఊరు దాసినవ్" అన్నాడు కాక. "చేతులు యాడ దాస్తవు బిడ్డా? ఆర్మూర్ల ఎడమ దిక్కు ముడిచేది నువ్వొక్కదానివే."

నేను రెండు చేతులూ కొంగులో దాచుకున్నాను.

"బాబురావుకు ఇంక చెప్పలే. రేపు నన్నడుగుతడు. అబద్ధం చెప్పుడు నాతోని గాదు, నా నౌకరీ గూడ గాడనే ఉంది. నువ్వొక పని జెయ్యి. అత్తకు బాగలేదని రేపటి సంది మానెయ్యి. నెల రోజులైతె గీ లొల్లి సల్లారుతది. నీ పేరు ఎవ్వలకూ తెల్వది."

"మానేస్తె మేం ఏం తినాలె కాకా?"

ఆయన ఉత్తరం జేబులో పెట్టుకున్నాడు. లేచి వెళ్లిపోయాడు. మస్కట్ నుంచి నాలుగు నెలలుగా ఏమీ రాలేదు. మానేస్తే మా పొయ్యి ఆరిపోతుంది, మానకపోతే కాక నోటి మీదుగా అదే జరుగుతుంది. ఏ దారిన పోయినా ఆ షెడ్డులో నేను పన్నెండేళ్లు కూర్చున్న గుర్తు మాత్రం మిగలదు. భాగ్యవ్వకు మిగిలినంతే నాకూ.

లోపల మంచంలోంచి అత్త పిలిచింది. అంతా విన్నది.

"నిన్ను తీసేస్తరా?" అంది ముద్దముద్దగా.

"తీసేస్తరట."

"ఎట్ల తీసేస్తరే? నువ్వు ఆడ లేవు గద!"

అని నవ్వింది. సగం మూతితో, పొట్ట ఊగేలా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. కాసేపటికి ఆ మాటే చెవిలో మళ్లీ మోగింది. లేనిదాన్ని తీసేయలేరు. తీసేయాలంటే ఉందని ఒప్పుకోవాలి.

అత్త నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకుంది. "నా పేరు శాన దినాలు మోసినవ్ బిడ్డా. గా పేరు నాకిచ్చెయ్. పోయి నీది నువ్వు తెచ్చుకో."

మర్నాడు షెడ్డులో అందరూ ఖాళీ చాటలతో కూర్చున్నారు. బాబురావు బల్ల దగ్గర, లక్ష్మీరాజం కాక ఆయన పక్కన. బాబురావు కాక వైపు తిరిగి ఏదో అడగబోతుండగానే నేను లేచాను.

"ఉత్తరం నేనే రాసిన."

బాబురావు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు నర్సవ్వ కోడలివి గద?"

"కోడలినే. నాకు గూడ పేరుంది. గంగమణి."

వెనక భీమవ్వ పక్కామెను అడగడం వినిపించింది, "గీమె పేరు గంగమణా?" అని. పదేళ్లు నా వెనకే కూర్చుంది పాపం.

"దమ్ము లేదంటివి గద సారూ. వచ్చింది."

"వచ్చినంత జల్దిగ పో" అని అరిచాడు బాబురావు. "నీకు పని లేదు. తీసేసిన. నడువ్!"

"నడుస్త. రాసియ్యి."

"ఏం రాసియ్యాలె?"

"నన్ను తీసేసినవని. నోటితోని అంటె ఎల్లుండి మా అత్తను తీసేసిన అంటవ్. ఆమె నాలుగేండ్ల సంది మంచం దిగలే, ఆమెకు అక్షరం రాదు, మీ రిజిస్టర్ల ఆమెది వేలిముద్రనే ఉంది. ఉత్తరం ఆమె రాసిందని పంపితె సేటు నిన్నే నవ్వుతడు. పేరు రాసి పంపుమన్నడు గద. నా పేరు రాయి."

బాబురావుకు అది సబబుగానే తోచింది. సేటుకు పేరు కావాలి, పేరు దొరికింది, గడువు ముంచుకొస్తోంది. పైగా కోపంలో ఉన్నాడు. కంపెనీ పేరు అచ్చువేసిన కాగితం తీశాడు. "గంగమణిని పనిలోంచి తొలగించడమైనది" అని గీకాడు.

"గంతేనా?" అన్నాను. "ఆర్మూర్ల గంగమణులు కట్టల బీడీల లెక్క ఇరవై అయిదు మంది ఉన్నరు. ఏ గంగమణో సేటుకెట్ల ఎరుక? భర్త రాజేశ్వర్ అని రాయి."

మొగుడి పేరు నలుగురిలో పలికింది అదే మొదటిసారి. ఎక్కడో మస్కట్‌లో కాశీరాంగా ఇటుకలు మోస్తున్న మనిషికి కూడా ఆ పూట ఆయన పేరు ఆయనకు ఇచ్చేశాను.

"పన్నెండేండ్ల సంది గీ కార్ఖానల బీడీలు జేస్తున్నదని రాయి. లేకుంటె బయటామె ఎవ్వలో రాసిందనుకుంటడు."

"రాస్త, రాస్త! నీ బండారమంత రాస్త!" అని బాబురావు అంతా రాశాడు. లక్ష్మీరాజం కాక అప్పుడు కదిలాడు. కాగితం కింద కార్బన్ పెట్టాడు. "రెండు కావాలె సారూ, సేటుకొకటి, ఆమెకొకటి" అన్నాడు. రబ్బరు ముద్ర, సిరా డబ్బా తెచ్చి బాబురావు చేతి దగ్గర పెట్టాడు. ఇరవయ్యేళ్లు మంచివీ చెడ్డవీ ఏరిన మనిషికి అక్కడ ఏం తయారవుతోందో తెలియక కాదు. నా వైపు చూడలేదు. ముద్ర గట్టిగా పడింది.

కాగితం తీసుకుని జాకెట్లో దోపుకున్నాను. పోబోతుంటే వెనక నుంచి భీమవ్వ గొంతు.

"సారూ, నన్ను గూడ తీసెయ్యి."

"నువ్వేం జేసినవే?"

"ఉత్తరం రాయుమని చెప్పింది నేనే." పచ్చి అబద్ధం. నిన్నటిదాకా దానికోసం లసుమవ్వ జుట్టు పీకింది. "భీమవ్వ. భర్త హన్మాండ్లు. పదేండ్ల సంది జేస్తున్న. రాసుకో."

బాబురావు రాశాడు. ఇంత పొగరా అనుకుంటూ రాశాడు.

లసుమవ్వ లేచింది. "భీమవ్వకు చెప్పింది నేను. నన్ను ముందు తీసెయ్యాలె, గామెను తర్వాత."

వరస కట్టేశారు. తీసేయమని వరసలో నిలబడ్డ ఆడవాళ్లను ఏ మేనేజరైనా చూశాడో లేదో నాకు తెలియదు. ప్రతి ఒక్కతీ తన పేరు చెప్పి, మొగుడి పేరు చెప్పి, ఎన్నేళ్లో చెప్పి, ముద్ర సరిగా పడిందా లేదా అని వెలుతుర్లో పట్టి చూసి మరీ తీసుకుంది. ఏడో కాగితం మీద ముద్ర పడ్డాక బాబురావు కలం ఆగింది. "కార్ఖానలో పని చేస్తున్న" అని తన చేత్తో, కంపెనీ ముద్రతో ఏడుసార్లు రాశానని అప్పటికి తలకెక్కింది. మొహం పసుపు కొమ్ములా అయింది.

"ఇటియ్యుండ్రి! గవి ఇటియ్యుండ్రి!" అని లేచాడు.

"తీసేసినోళ్లతోని నీకేం పని సారూ?" అంది భీమవ్వ. అప్పటికే మేం గేటు దాటాం.

ఏడు కాగితాలతో బస్సెక్కి నిజామాబాద్ పోయాం. అక్కడ లేబర్ ఆఫీసులో ఒక అర్జీ పెట్టాను. ఈసారి ఎడమ చేత్తో రాశాను. మొదటి పేరు భాగ్యవ్వది రాశాను. అక్కడి ఆఫీసరు ఆ పేరు మీద వేలు పెట్టి ఈమె ఏదని అడిగితే, మేం రావడం ఆలస్యమైందని చెప్పాను. ఆయన మా కాగితాలు రెండుసార్లు చదివి, "తీసేసిండంటె పనిల ఉన్నట్టే గదమ్మా, వాడే ఒప్పుకున్నడు" అన్నాడు. ఆ మాట మా అత్త ముందే మంచంలోంచి చెప్పింది.

తేలడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలు పసుపు మార్కెట్‌లో కొమ్ములు ఏరాం, మక్క చేన్లలో కూలికి పోయాం, తిట్టుకున్నాం, కలిసి తిన్నాం. కాళ్లు పీకేదాకా తిరిగాం. ఒక్కతి కూడా కాగితం తిరిగివ్వలేదు. చివరికి కార్డులు వచ్చాయి. మా ఏడుగురికే కాదు, షెడ్డులో పేరు లేని వాళ్లందరికీ.

కొత్త కార్డుతో షెడ్డులో కూర్చున్న మొదటి రోజు. బాబురావే రిజిస్టర్ పట్టుకుని పిలుస్తున్నాడు. ఆకు తీసుకోవడానికి ఒక్కొక్కతీ లేస్తోంది. కాసేపటికి పిలుపు ఆగింది. అందరూ నా వైపు చూస్తున్నారు. భీమవ్వ వెనక నుంచి మోచేత్తో పొడిచింది.

"నిన్నే. గంగమణి అంటున్నడు."

పిలిచింది నన్నని నాకు తట్టనే లేదు. పన్నెండేళ్లు ఇంకొకరి పేరుకు లేచిన ఒళ్లు, తన పేరుకు కదల్లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా పేరును నాకే అంత పరాయిది చేసినవాళ్ల మీద కోపం మళ్లీ మొదటి రోజంత వేడిగా పొంగింది. లేవబోయి ఆగాను. చాట ఒళ్లో పెట్టుకుని సర్దుకుని కూర్చున్నాను.

"ఇనబడలే సారూ" అన్నాను. "ఇంకోపాలి పిలువు."